వేలి కొసన ఒక్క రక్తపు చుక్క: పి.కె.యు. ఉన్న బిడ్డల కుటుంబాలకు



ఈ రోజు మనం మాట్లాడుకోబోయే విషయం చూడడానికి చాలా చిన్నది. ఒక మందపాటి కాగితం, దాని మీద నాలుగైదు గుండ్రని గీతలు, ఆ గీతల లోపల మీ బిడ్డ వేలి నుండి తీసిన రక్తపు చుక్కలు. ఇంతే. కాని పి.కె.యు. ఉన్న బిడ్డకు వైద్యం సరిగా సాగుతున్నదా లేదా అన్నది ఈ చుక్కలే చెప్పాలి. బిడ్డ ముఖం చూసి చెప్పలేము, బరువు చూసి చెప్పలేము, నాడి చూసి చెప్పలేము. అందుకే ఈ పరీక్ష గురించి డాక్టరుకు, నర్సుకు తెలిస్తే సరిపోదు. ఇంట్లో బిడ్డకు అన్నం పెట్టే ప్రతి ఒక్కరికీ తెలియాలి.

పి.కె.యు. అంటే ఏమిటి?

దీని పూర్తి పేరు ఫినైల్‌కీటోన్యూరియా. పుట్టుకతోనే వచ్చే జన్యులోపం ఇది. అంటువ్యాధి కాదు. దిష్టి కాదు, శాపం అంతకన్నా కాదు.

మనం తినే పప్పు, పాలు, గుడ్డు, మాంసం, చేపలలో మాంసకృత్తులు ఉంటాయి. వీటినే ప్రోటీన్లు అంటాము. కడుపులో ఇవి అరిగి అమైనో ఆమ్లాలు అనే చిన్న ముక్కలుగా విడిపోతాయి. వాటిలో ఒకదాని పేరు ఫినైల్‌అలనిన్. శరీరం తనకు కావలసినంత ఫినైల్‌అలనిన్ వాడుకొని, మిగిలినదానిని కాలేయంలో ఉండే ఒక ఎంజైము సాయంతో టైరోసిన్ అనే మరొక పదార్థంగా మార్చుకుంటుంది. పి.కె.యు. ఉన్న బిడ్డలో ఆ ఎంజైము పని చేయదు, లేదా చాలా తక్కువగా పని చేస్తుంది. అప్పుడు మిగిలిన ఫినైల్‌అలనిన్ రక్తంలో పేరుకుపోయి మెదడుకు చేరి, ఎదుగుతున్న మెదడును దెబ్బ తీస్తుంది.

ఒక చెరువును ఊహించుకోండి. వాగు నుండి నీరు వస్తూనే ఉంటుంది. తూము మాత్రం బిగుసుకుపోయింది. నీరు బయటకు పోదు. అలాగే వదిలేస్తే గట్టు తెగి ఊరు మునుగుతుంది. తూమును బాగు చేయడం మన చేతిలో లేనప్పుడు ఏం చేస్తాము? వచ్చే నీటిని తగ్గిస్తాము. పి.కె.యు. బిడ్డకు ఇచ్చే ప్రత్యేక ఆహారం చేసే పని అదే. మరి చెరువులో నీరు ఎంత ఉన్నదో ఎలా తెలుస్తుంది? నీటి మట్టం చూపించే గుర్తు రాయి ఒకటి ఉండాలి. రక్తపు చుక్క పరీక్ష ఆ గుర్తు రాయి లాంటిది.

ఇంత సులువైన పరీక్ష ఎలా వచ్చింది?

1934లో నార్వే దేశంలో ఇద్దరు పిల్లల తల్లి ఒకామె, తన పిల్లల మెదడు ఎందుకు ఎదగడం లేదో, వారి మూత్రానికి ఆ వింత వాసన ఎందుకు వస్తున్నదో చెప్పమని డాక్టర్ల చుట్టూ తిరిగింది. చివరకు అస్బ్యోర్న్ ఫోలింగ్ అనే డాక్టరు ఆ మూత్రాన్ని శ్రద్ధగా పరీక్షించి ఈ వ్యాధిని కనుగొన్నాడు. ఆ తల్లి పట్టు విడిచి ఉంటే ఈ వ్యాధి మరెన్ని ఏళ్ళు మరుగున ఉండేదో!

వ్యాధి తెలిసింది కాని మందు లేదు. 1950ల మొదట్లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పిల్లల ఆసుపత్రిలో హోర్స్ట్ బికెల్ అనే డాక్టరును మరొక తల్లి ఇలాగే వదలకుండా అడిగింది. ఆయన, ఆయన తోటి వైద్యులు ఫినైల్‌అలనిన్ తీసివేసిన ఆహారాన్ని తయారు చేసి ఆమె కుమార్తెకు ఇచ్చారు. కూర్చోలేని, నిలబడలేని ఆ పాప కొన్ని నెలల్లో పాకింది, లేచి నిలబడింది. అయితే చికిత్స మొదలయ్యే నాటికి పాపకు రెండేళ్ళు. అప్పటికే మెదడుకు జరిగిన నష్టం పూర్తిగా పూడలేదు. ఈ ఫలితాలు 1953లో వెలువడ్డాయి. వాటి నుండి వైద్యులు రెండు పాఠాలు నేర్చుకున్నారు. ఆహారమే మందు అన్నది మొదటిది. పుట్టిన వెంటనే మొదలుపెట్టాలి అన్నది రెండవది.

ఆ తరువాత అమెరికాలో రాబర్ట్ గత్రీ అనే శాస్త్రవేత్త ఒక సులువైన పరీక్షను కనుగొన్నాడు. ఆయన మేనకోడలికి పి.కె.యు. ఉన్నట్లు ఆలస్యంగా తెలిసింది. కాగితం మీద ఎండిన ఒక్క రక్తపు చుక్కతో ఫినైల్‌అలనిన్ ఎంత ఉన్నదో చెప్పే పద్ధతిని ఆయన 1963లో ప్రకటించాడు. నేడు ఎన్నో దేశాలలో పుట్టిన ప్రతి బిడ్డకూ మడమ నుండి రక్తపు చుక్క తీసి పరీక్షిస్తున్నారంటే దానికి పునాది ఇదే. అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. గత్రీ ఈ పని మొదలుపెట్టింది కొత్త రోగులను వెదకడానికి కాదు. అప్పటికే ప్రత్యేక ఆహారం తింటున్న పిల్లల రక్తంలో ఫినైల్‌అలనిన్ ఎంత ఉన్నదో సులువుగా చూడడానికే. అంటే ఈ పరీక్ష మొదట పుట్టింది మీ బిడ్డ లాంటి పిల్లల కోసమే.

ఎన్ని రోజులకు ఒకసారి చేయాలి?

"ఒకసారి పరీక్ష చేశారు కదా డాక్టరుగారూ, మళ్ళీ మళ్ళీ సూది గుచ్చడం ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బిడ్డ పెరుగుతూ ఉంటుంది. నిన్న సరిపోయిన కొలత నేడు సరిపోదు. పళ్ళు వచ్చేటప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, తల్లిపాలు తగ్గించి అన్నం మొదలుపెట్టినప్పుడు, బడిలో చేర్చినప్పుడు మట్టం మారుతుంది. అందుకే పరీక్ష ఆగకూడదు.

ఐరోపా వైద్యుల మార్గదర్శకాల ప్రకారం ఏడాది లోపు బిడ్డకు వారానికి ఒకసారి, ఏడాది నుండి 12 ఏళ్ళ వరకు రెండు వారాలకు ఒకసారి, ఆ తరువాత నెలకు ఒకసారి పరీక్ష చేయాలి. మీ బిడ్డ పరిస్థితిని బట్టి మీ డాక్టరు ఇంతకంటె ఎక్కువగా చేయించమనవచ్చు. ఆ మాటే మీరు పాటించాలి.

రక్తపు చుక్క తీసే విధానం

ఈ పనిని ముందుగా నర్సు దగ్గర చూసి, వారి ఎదుట రెండు మూడు సార్లు మీ చేతితో చేసి, ఆ తరువాతే ఇంట్లో మొదలుపెట్టండి.

1. సమయం: ప్రతిసారీ ఒకే సమయంలో తీయండి. తెల్లవారి లేచాక, ఇంకా ఏమీ తినక ముందు, ప్రత్యేక పాలపొడి కూడా తాగక ముందు తీయడం మంచిది. రాత్రంతా ఏమీ తినరు కనుక మట్టం అప్పుడే అన్నింటికంటె ఎక్కువగా ఉంటుంది. చంటిబిడ్డకైతే పాలు పట్టే ముందు తీయండి.

2. కార్డు మీద వివరాలు: బిడ్డ పేరు, పుట్టిన తేదీ, చుక్క తీసిన తేదీ, గంట, ఇవన్నీ రక్తం తీయక ముందే బాల్‌పెన్నుతో రాయండి. పేరు లేని కార్డు, తేదీ లేని కార్డు ఎవరికీ పనికిరావు. బిడ్డకు గుచ్చిన సూది వృథా అవుతుంది.

3. చేతులు: ముందు మీ చేతులు, తరువాత బిడ్డ చేయి సబ్బుతో కడిగి పొడి గుడ్డతో పూర్తిగా తుడవండి. గోరువెచ్చని నీటితో కడిగితే రక్తం బాగా వస్తుంది. స్పిరిట్ వాడితే అది ఆరేదాకా ఆగండి. పాలపొడి కలిపిన చేత్తో వెంటనే కార్డు పట్టుకోకండి. కార్డు మీద గుండ్రని గీతల లోపల ఎవరి వేలూ తగలకూడదు.

4. గుచ్చే చోటు: వేలి కొన మధ్యలో కాకుండా పక్కన గుచ్చండి. అక్కడ నొప్పి తక్కువ. మధ్య వేలు, ఉంగరపు వేలు అనువైనవి. ఇంకా నడక రాని చంటిబిడ్డకు మడమ పక్క భాగంలోనే గుచ్చాలి. మడమ వెనుక వంపులోనూ, అరికాలి మధ్యలోనూ గుచ్చకూడదు. ప్రతిసారీ కొత్త లాన్సెట్ వాడాలి. వాడినదానిని మూత ఉన్న గట్టి డబ్బాలో వేసి ఆసుపత్రికి తెచ్చి ఇవ్వండి.

5. మొదటి చుక్క: మొదట వచ్చిన చుక్కను శుభ్రమైన దూదితో తుడిచివేయండి. చేతిని కిందకు వాల్చి ఉంచితే రెండవ చుక్క పెద్దదిగా వస్తుంది. వేలిని గట్టిగా పిండకండి. పిండితే రక్తంతో పాటు ఒంటి నీరు కూడా కలిసి రక్తం పలచబడుతుంది. లెక్క తప్పుతుంది.

6. కాగితానికి తాకించడం: చుక్క బాగా పెద్దదయ్యాక దానిని గుండ్రని గీత మధ్యలో తాకించండి. వేలిని కాగితానికి రుద్దకండి. ఒక్క చుక్కతోనే గీత నిండాలి. ఆ రక్తం కాగితం వెనుక వైపుకు కూడా ఇంకాలి. కార్డును తిప్పి చూడండి. ముందు ఎంత ఎర్రగా ఉన్నదో వెనుక కూడా అంతే ఎర్రగా కనిపించాలి. ఒకే గీతలో చుక్క మీద చుక్క వేయకండి. రెండు వైపులా వేయకండి.

7. ఆరబెట్టడం: కార్డును ఏ వస్తువుకూ తగలకుండా సమతలంగా ఉంచి కనీసం మూడు నాలుగు గంటలు నీడలో ఆరనివ్వండి. ఎండలో పెట్టకండి. పొయ్యి దగ్గర పెట్టకండి. ఫ్యాను గాలి కింద, హెయిర్ డ్రయర్‌తో తొందరపెట్టకండి. చీమలు, ఈగలు చేరకుండా చూడండి. వానాకాలంలో ఇంకా ఎక్కువసేపు పడుతుంది. ఆరిన చుక్క ముదురు గోధుమ రంగులోకి మారుతుంది.

8. పంపడం: పూర్తిగా ఆరిన తరువాతే కాగితపు కవరులో పెట్టండి. తడి ఆరక ముందే ప్లాస్టిక్ సంచిలో మూసిపెడితే చుక్క పాడవుతుంది. ఎండిన చుక్కకు ఐసు పెట్టె అక్కర్లేదు. పోస్టులో గాని, కొరియరులో గాని ల్యాబు చెప్పిన పద్ధతిలో అదే రోజు పంపండి. మే నెల ఎండలో స్కూటరు డిక్కీలో, బస్సు అద్దం దగ్గర కార్డును మరచిపోకండి.

ఇంత జాగ్రత్త ఎందుకు అనుకుంటున్నారా? ల్యాబులో మీ కార్డు నుండి మూడు మిల్లీమీటర్లకు కొంచెం మించిన చిన్న బిళ్ళను కత్తిరిస్తారు. అంత బిళ్ళలో ఎప్పుడూ ఇంత రక్తమే ఉంటుంది అన్న నమ్మకం మీదే యంత్రం లెక్క కడుతుంది. చుక్క మీద చుక్క వేస్తే ఆ బిళ్ళలో రక్తం ఎక్కువై అంకె పెరుగుతుంది. సగం ఇంకిన చుక్కయితే అంకె తగ్గుతుంది. తగ్గిన అంకె చూసి మనం సంతోషపడితే నష్టపోయేది బిడ్డ.

"రేపు పరీక్ష కదా, ఈ రోజు తగ్గిద్దాం"

ఇప్పుడు చెప్పబోయేది దయచేసి శ్రద్ధగా వినండి. పరీక్ష ముందు రోజు బిడ్డకు అన్నం తగ్గించి పెట్టేవారు ఉన్నారు. అంకె బాగా రావాలని, డాక్టరు కోప్పడకూడదని, అత్తగారు మాట అనకూడదని అలా చేస్తారు. ఉద్దేశం మంచిదే కాని ఫలితం తల్లకిందులవుతుంది.

కడుపు నిండని శరీరం ఊరుకోదు. తన కండను తానే కరిగించుకుంటుంది. ఆ కండ కూడా ప్రోటీనే. అది కరిగితే ఫినైల్‌అలనిన్ రక్తంలోకి వస్తుంది. అంటే బిడ్డను పస్తు పెడితే మట్టం తగ్గదు, పెరుగుతుంది. చెరువులోకి వాగును ఆపామనుకుంటాము, అడుగున ఊట మొదలవుతుంది.

జ్వరం, విరేచనాలు, వాంతులు వచ్చినప్పుడు కూడా ఇలాగే జరుగుతుంది. అప్పుడు బిడ్డను ఖాళీ కడుపుతో ఉంచకండి. చక్కెర నీళ్ళు, పండ్ల రసం, పాలు కలపని సగ్గుబియ్యం జావ కొంచెం కొంచెంగా తరచుగా ఇవ్వండి. ప్రత్యేక పాలపొడిని కూడా బిడ్డ తాగగలిగినంత పడుతూ, అదే రోజు డాక్టరుకు ఫోను చేసి అడగండి. జ్వరం రోజుల్లో తీసిన చుక్క అయితే ఆ సంగతి కార్డు మీద తప్పక రాయండి.

ఇంకొక మాట. పరీక్ష ముందు మూడు రోజులు బిడ్డ ఏమేమి తిన్నదో దాచకుండా ఒక నోటుపుస్తకంలో రాయండి. పొరపాటున పెళ్ళిలో గారె తిన్నా రాయండి. రాసినందుకు ఎవరూ మిమ్మల్ని నిలదీయరు. రాయకపోతే మాత్రం డాక్టరు పెరిగిన అంకెకు కారణం తెలియక, బిడ్డకు న్యాయంగా ఇవ్వవలసిన అన్నాన్ని కూడా తగ్గించవలసి వస్తుంది.

అంకెను ఎలా చదవాలి?

రిపోర్టులో రెండు రకాల కొలతలు కనిపిస్తాయి. కొన్ని ల్యాబులు డెసిలీటరుకు మిల్లీగ్రాములలో ఇస్తాయి. కొన్ని లీటరుకు మైక్రోమోల్స్‌లో ఇస్తాయి. ఒక మిల్లీగ్రాము అంటే సుమారు 60 మైక్రోమోల్స్. అందుచేత ఒక ల్యాబులో 5 అని, మరొక ల్యాబులో 300 అని వస్తే కంగారు పడకండి. రెండూ దాదాపు ఒకటే. అంకె పక్కన ఏ కొలత రాసి ఉన్నదో మొదట చూడండి.

12 ఏళ్ళ లోపు పిల్లలకు 120 నుండి 360 మైక్రోమోల్స్ మధ్య ఉండాలి. అంటే 2 నుండి 6 మిల్లీగ్రాములు. ఆ పై వయసువారికి 600 వరకు ఉండవచ్చునని ఐరోపా వైద్యులు అంటారు. జీవితాంతం 360 దాటకుండా చూసుకోవడమే మేలు అని అమెరికా వైద్యులు అంటారు. మీ బిడ్డకు ఏ హద్దు అన్నది మీ డాక్టరు కార్డు మీద రాసి ఇస్తారు.

"తక్కువ వస్తే ఇంకా మంచిదే కదా?" అనుకోకండి. ఫినైల్‌అలనిన్ పూర్తిగా విషం కాదు. ఎదుగుదలకు అది కొంత కావాలి. శరీరం దానిని తానుగా తయారు చేసుకోలేదు. 120 కంటె తక్కువగా చాలాకాలం ఉంటే బిడ్డ ఎదగదు, ఆకలి మందగిస్తుంది, చర్మం మీద పొక్కులు వస్తాయి. చెరువు ఎండినా పంట పోయినట్లే.

ఒక్క అంకె చూసి పొంగిపోవద్దు, కుంగిపోవద్దు. నెలల తరబడి వచ్చిన అంకెలను వరుసగా రాసుకొని, మట్టం ఎటు పోతున్నదో చూడండి. వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించండి. ఎండిన చుక్కలో వచ్చే అంకె, చేతి నరం నుండి తీసిన రక్తంలో వచ్చే అంకె కంటె కొంత తక్కువగా ఉండవచ్చు. ఒకదానితో ఒకటి పోల్చి మోసపోకండి.

అన్నిటికంటె ముఖ్యం, ఆ అంకె మీకు వేసిన మార్కు కాదు. అమ్మ మంచిదా చెడ్డదా అని చెప్పే పరీక్ష కాదు ఇది. రేపటి నుండి ఎంత పెట్టాలో చెప్పే కొలత మాత్రమే.

వంటింట్లో

సుమారుగా ఒక గ్రాము ప్రోటీన్‌లో 50 మిల్లీగ్రాముల ఫినైల్‌అలనిన్ ఉంటుంది. వ్యాధి తీవ్రంగా ఉన్న బిడ్డ రోజంతటికీ 200 నుండి 500 మిల్లీగ్రాముల వరకే తట్టుకోగలదు. ముప్ఫై గ్రాముల కందిపప్పులోనే 300 మిల్లీగ్రాములు దాటుతుంది. ఒక గ్లాసు పాలూ అంతే. అంటే మనకు గుప్పెడు పప్పు, ఆ బిడ్డకు ఒక రోజు మొత్తం లెక్క.

పప్పులు, పాలు, పెరుగు, గుడ్లు, మాంసం, చేపలు, వేరుశనగ, గోధుమ వంటకాలు బిడ్డకు వద్దు. మినపప్పు కలిసిన ఇడ్లీ, దోసె, గారె కూడా వద్దు. అన్నం తూకం వేసి డాక్టరు చెప్పినంతే పెట్టాలి. పండ్లు, బీరకాయ, సొరకాయ, దొండకాయ వంటి కూరగాయలు, చక్కెర, బెల్లం, నూనె, నెయ్యి బిడ్డకు కడుపు నింపుతాయి. మన సామర్లకోట, పెద్దాపురం వైపు తయారయ్యే సగ్గుబియ్యంలో ప్రోటీన్ దాదాపు లేనే లేదు. వేరుశనగ వేయకుండా సగ్గుబియ్యం ఉప్మా చేయండి, పాలు లేకుండా బెల్లంతో పాయసం చేయండి. పండుగ రోజున బిడ్డ విస్తరిలో కూడా తీపి ఉండాలి కదా!

ఫినైల్‌అలనిన్ లేని ప్రత్యేక పాలపొడి ఈ బిడ్డకు పాలు, పప్పు, గుడ్డు అన్నీ తానే. చేదుగా ఉన్నదని మానిపించకండి. రోజుకు మూడు నాలుగు సార్లుగా పంచి ఇవ్వండి. అది మానితే శరీరం మళ్ళీ కండను కరిగించడం మొదలుపెడుతుంది. చంటిబిడ్డకు తల్లిపాలు పూర్తిగా మాన్పించనవసరం లేదు. ఎంత ఇవ్వాలో రక్తపు చుక్క చూసి డాక్టరు చెబుతారు.

అస్పర్టేమ్ అనే కృత్రిమ తీపి పదార్థంలో ఫినైల్‌అలనిన్ ఉంటుంది. చక్కెర లేని శీతల పానీయాలు, చూయింగ్‌గమ్, నమిలే మాత్రలు, కొన్ని సిరప్పులలో దీనిని కలుపుతారు. దుకాణంలో కొనే ముందు లేబులు చదివించుకోండి. మందుల షాపులో కూడా అడగండి.

అమ్మమ్మలకూ, నాయనమ్మలకూ ఒక మనవి. "పాపం పసిబిడ్డ, ఒక్క ముద్ద పప్పన్నం పెడితే ఏమవుతుందిలే" అని మీ మనసు కొట్టుకోవడం సహజం. ఆ ముద్ద తిన్న వెంటనే బిడ్డకు ఏమీ కాదు. అందుకే మీకు నమ్మకం కుదరదు. కాని రోజుకో ముద్ద చొప్పున మట్టం పెరిగి, రెండేళ్ళకో మూడేళ్ళకో బిడ్డ మాటలు తడబడినప్పుడు, బడిలో వెనుకబడినప్పుడు, ఆ ముద్దలను వెనక్కు తీసుకోలేము. మీ ప్రేమను పప్పుతో కాక పండుతో చూపించండి. కోడలు కార్డు పట్టుకొని బిడ్డ వేలు గుచ్చుతుంటే, "ఎందుకమ్మా ఈ హింస" అనకుండా బిడ్డను ఒడిలో పెట్టుకొని కథ చెప్పండి. సగం నొప్పి అక్కడే పోతుంది.

తప్పు ఎవరిది?

ఎవరిదీ కాదు. ఈ వ్యాధి రావాలంటే తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు లోపమున్న జన్యువులు బిడ్డకు చేరాలి. ఒక్కటే ఉన్నవారికి వ్యాధి ఉండదు, తమలో ఉన్నట్లు తెలియను కూడా తెలియదు. అందుచేత "మా వంశంలో ఎవరికీ లేదు, ఆ పిల్ల తెచ్చింది" అనడం అన్యాయం. ఇద్దరిలోనూ లోపమున్న జన్యువు ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ముందు పుట్టిన బిడ్డకు వచ్చింది కనుక తరువాతి బిడ్డకు రాదని అనుకోకూడదు.

మేనరికాలు చేసుకునే కుటుంబాలలో భార్యాభర్తలు ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. జరిగిపోయిన పెళ్ళి గురించి ఇప్పుడు నిందించుకొని లాభం లేదు. తరువాతి కాన్పుకు ముందు జన్యు సలహా తీసుకోండి. కొత్తగా పుట్టిన తమ్ముడికో చెల్లెలికో మొదటి వారంలోనే రక్తపు చుక్క పరీక్ష చేయించండి.

ఆడపిల్లల విషయంలో

ఒకప్పుడు ఐదారేళ్ళు వచ్చాక ఆహార నియమం మానవచ్చునని వైద్యులు అనుకునేవారు. ఇప్పుడు అలా అనరు. మానేసినవారిలో ఏకాగ్రత తగ్గడం, ఆందోళన, దిగులు కనిపించాయి. ఈ నియమం జీవితాంతం ఉండాలి.

ఆడపిల్లకు ఇది మరీ ముఖ్యం. గర్భిణి రక్తంలో ఫినైల్‌అలనిన్ ఎక్కువగా ఉంటే, కడుపులోని బిడ్డకు పి.కె.యు. లేకపోయినా తల చిన్నదిగా, గుండె లోపంతో పుట్టవచ్చు. గర్భం రాక ముందే మట్టం 360 లోపుకు రావాలి. గర్భిణిగా ఉన్నంతకాలం వారానికి రెండుసార్లయినా పరీక్ష చేయించాలి. పెళ్ళి మాటలు జరిగేటప్పుడు ఈ వ్యాధిని దాచిపెడితే, ఆ దాపరికానికి మూల్యం చెల్లించేది పుట్టబోయే పసివాడు.

బిడ్డకు పదేళ్ళు వచ్చేసరికి మీ ఎదుటే తన వేలు తానే గుచ్చుకోవడం, కార్డు నింపడం, అంకె రాసుకోవడం నేర్పండి. రేపు హాస్టలుకు వెళ్ళినా, ఉద్యోగానికి వెళ్ళినా మీరు వెంట ఉండరు కదా.

ఖర్చు, సహాయం

ప్రత్యేక పాలపొడి ఖరీదైనది. పరీక్షలకూ ఖర్చవుతుంది. కొందరు బిడ్డలకు పని చేసే సాప్రోప్టెరిన్ అనే మందు 2007లో, పెద్దవారికి ఇచ్చే పెగ్‌వాలియేస్ అనే ఇంజెక్షను 2018లో అమెరికాలో అనుమతి పొందాయి. ఇవి కూడా ఎంతో ఖరీదైనవి. ఇవి వాడినా రక్తపు చుక్క పరీక్ష తప్పదు.

భారత ప్రభుత్వం 2021లో ప్రకటించిన అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో, ప్రత్యేక ఆహారంతో అదుపు చేయగల వ్యాధుల జాబితాలో పి.కె.యు. ఉంది. గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారా ఒక రోగికి 50 లక్షల రూపాయల వరకు సహాయం ఇవ్వడానికి 2022లో నిర్ణయించారు. మన తెలుగువారికి అందుబాటులో ఉన్న అటువంటి కేంద్రం హైదరాబాదులో ఉంది. సి.డి.ఎఫ్.డి., నిమ్స్ ఆసుపత్రి కలిసి దానిని నడుపుతున్నాయి. బిడ్డ రిపోర్టులు, పాత అంకెల నోటుపుస్తకం, ఆధార్ కార్డు తీసుకొని వెళ్ళి అడగండి. ఏళ్ళ తరబడి వరుసగా రాసిన ఆ పుస్తకం అక్కడ డాక్టర్లకు ఎంతగానో ఉపయోగపడుతుంది.

చివరిగా గుర్తుంచుకోవలసినవి

పరీక్ష తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.
చుక్క ఒక్కటే వేయండి, వెనుకకు ఇంకిందో లేదో చూడండి.
నీడలో ఆరబెట్టండి, పేరు, తేదీ, గంట రాయండి.
పరీక్ష కోసం బిడ్డను పస్తు పెట్టకండి.
తిన్నది దాచకండి.
అంకె పెరిగితే ఏడవకండి, ఫోను చేయండి.

పుట్టిన వెంటనే చికిత్స మొదలై, మట్టం హద్దులో ఉంటే ఈ బిడ్డలు అందరి పిల్లలలాగే చదువుకుంటారు, ఆడుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు, సంసారాలు చేసుకుంటారు. ఇంత ధైర్యంగా ఈ మాట చెప్పగలిగే పుట్టు వ్యాధులు చాలా తక్కువ. ఆ ధైర్యాన్ని నిలబెట్టేది నెల నెలా మీరు పంపే ఆ చిన్న కార్డే. సందేహం ఏది ఉన్నా అడగండి. ఇది చిన్న ప్రశ్న, అడిగితే నవ్వుతారేమో అని ఆగకండి. అడగకుండా ఇంటికి తీసుకువెళ్ళిన సందేహమే బిడ్డకు కీడు చేస్తుంది.